ఎవరూ పట్టుకోలేని చోట నీతి మనల్ని ఎందుకు ఆపాలి?

తూనికరాయి
నేను ఒక పరీక్షాశాలలో పనిచేస్తున్నాను. యంత్రాల విడిభాగాలు ఒత్తిడిని ఎంతకాలం తట్టుకుంటాయో చూసి నివేదిక ఇవ్వడం మా పని. ఒక రకం భాగాన్ని 72 గంటలు ఆపకుండా పరీక్షించాలన్నది నియమం. పని ఎక్కువైనప్పుడు 40 గంటలకే యంత్రం ఆపేసి, నివేదికలో మాత్రం 72 అని రాయడం మా విభాగంలో చాలాకాలంగా అలవాటైపోయింది. 40 గంటలు నిలిచిన భాగం మిగతా సమయం కూడా నిలుస్తుందని అందరి నమ్మకం. ఇంతవరకు ఫిర్యాదు రాలేదు కూడా. ఇప్పుడు ఆ నివేదికల మీద సంతకం చేసే బాధ్యత నాకు అప్పగించారు.

ఇది నియమానికి విరుద్ధమని నాకు తెలుసు, అందులో సందేహం లేదు. నన్ను వేధిస్తున్నది దాని వెనక ఉన్న ప్రశ్న. తనిఖీ చేసేవారు లేరు, నష్టపోయినవారెవరూ కనబడరు, నాతో పనిచేసేవారంతా మంచివాళ్లే. చట్టం చూడని, ఎవరికీ దెబ్బ తగలని, నలుగురూ ఒప్పుకున్న చోట నీతి ఇంకా ఏం చెబుతుంది? చెప్పినా ఏ అధికారంతో చెబుతుంది? పైవాడు చూస్తున్నాడనో, కర్మ వెంటాడుతుందనో కాకుండా కారణాలతో సమాధానం చెప్పగలవారుంటే వినాలని ఉంది.

పాతపుస్తకం
మీరు అడిగిన ప్రశ్నకు దాదాపు 2400 ఏళ్ల వయసుంది. ప్లేటో రచించిన ‘రిపబ్లిక్’ రెండవ భాగంలో గ్లాకన్ అనే యువకుడు సోక్రటీసును సరిగ్గా ఇదే అడుగుతాడు. ఒక పశువుల కాపరికి తొడుక్కుంటే కనబడకుండా పోయే ఉంగరం దొరుకుతుంది. దాని సాయంతో అతడు రాణిని వశపరచుకుని, రాజును చంపి రాజ్యం కాజేస్తాడు. అటువంటి ఉంగరాలు రెండు ఉండి, ఒకటి సజ్జనుడికీ ఒకటి దుర్జనుడికీ ఇస్తే ఇద్దరి నడతలో తేడా ఉంటుందా అని గ్లాకన్ నిలదీస్తాడు. అన్యాయం చేసినవాడు ఎవరికీ దొరక్కపోయినా తన లోపలి క్రమాన్ని చెడగొట్టుకుని తన కోరికలకే బానిస అవుతాడన్నది సోక్రటీసు చెప్పిన సమాధానం.

ఆ సమాధానాన్ని గౌరవిస్తాను గాని, అది నాకు చాలలేదు. అందులో అంతా ‘నా మనసు ఏమవుతుంది’ అన్న విచారమే కనబడుతుంది. ఆ విడిభాగం బిగించిన యంత్రం పక్కన నిలబడి పనిచేసే మనిషి అందులో ఎక్కడా లేడు.

కొత్తచిగురు
ఆ ఉంగరం పాతపుస్తకం గారికి దొరికితే మూసేసిన గ్రంథాలయంలో దూరి తెల్లవార్లూ చదువుకుంటారే తప్ప రాజ్యం జోలికి వెళ్లరని నా గట్టి నమ్మకం.

లెక్కలపద్దు
విషయాన్ని అనవసరంగా పెద్దది చేస్తున్నాం. ఒక పని మంచిదా చెడ్డదా అన్నది దాని ఫలితాన్ని బట్టి తేలుతుందని ఆంగ్ల తత్వవేత్త బెంథామ్ 1789లోనే సూత్రీకరించాడు. ఆ పని వల్ల ప్రభావితులయ్యే వారందరి సుఖదుఃఖాలనూ కూడి చూడాలి. 72 అన్న అంకె ఎవరో జాగ్రత్త కోసం కాస్త ఎక్కువగా పెట్టి ఉండవచ్చు. నిజంగా ఎవరికీ హాని జరగకపోతే, సమయం మిగిలి పని ముందుకు సాగుతుంటే, ఇక్కడ జరిగింది కాగితం మీది తప్పే తప్ప నైతికమైన తప్పు కాదు. తూనికరాయి గారు చేయవలసింది ఆ నియమాన్ని సవరించమని కోరడం.

చుక్కాని
లెక్కలపద్దు గారూ, మీ పద్ధతిలోనే అడుగుతాను. లెక్క వేయడానికి కావలసిన అంకె ఎక్కడుంది? 40 గంటలు దాటాక ఎన్ని భాగాలు విరుగుతాయన్నది ఆపేసిన ఆ 32 గంటల్లోనే తెలియాలి. చూడడం మానేసి, చూడలేదు కాబట్టి హాని లేదనడం లెక్క ఎలా అవుతుంది? ఫిర్యాదు రాలేదంటారా, భాగం విరిగిన చోట ఉన్నవారు నివేదికను నమ్మి తప్పు తమ వాడకంలోనే ఉందనుకుని ఉండవచ్చు. తెలియకపోవడం ఒక ఎత్తు, తెలియకుండా ఏర్పాటు చేసుకోవడం మరొక ఎత్తు. నా దృష్టిలో రెండవదే ఇక్కడి అసలు దోషం.

లెక్కలపద్దు
మీ అభ్యంతరం నా వాదానికి బయట ఉన్నది కాదు. తెలియని ప్రమాదాన్ని కూడా లెక్కలో వేయాలి, నివేదికల మీద జనానికి ఉన్న నమ్మకం సడలడాన్ని కూడా వేయాలి. అబద్ధం ఆడితే ఆ క్షణానికి కలిసివచ్చినా, మాట మీద నమ్మకం తగ్గడం సమాజానికి చాలా పెద్ద నష్టమని అదే బాటలో నడిచిన తత్వవేత్త మిల్ 1861లో వివరించాడు. అయితే అదంతా ఫలితాల భాషలోనే చెప్పగలం, దానికి మరో సిద్ధాంతం అక్కర్లేదంటాను.

నిలకడ
అక్కరుంది. నమ్మకం సడలదని పూచీ ఉంటే, అంటే ఈ విషయం ఎప్పటికీ బయటపడదని తేలితే, మీరు సంతకం పెట్టమంటారా? తూనికరాయి గారు అడిగిందే అది. ఫలితాలను మాత్రమే చూసేవారు ఆ ప్రశ్న దగ్గర తడబడతారు.

జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో ప్రతిపాదించిన పరీక్ష ఇక్కడ చక్కగా పనిచేస్తుంది. నేను పాటించబోయే సూత్రాన్ని అందరూ పాటించాలని నేను కోరుకోగలనా? పరీక్ష పూర్తికాకుండానే పూర్తయినట్టు రాయడం అందరి సూత్రమైతే నివేదిక అన్నదాన్ని ఎవరూ నమ్మరు, అప్పుడు ఈ దొంగ నివేదికకు కూడా విలువుండదు. ఇతరులంతా నిజం రాస్తున్నారన్న ఆధారం మీదనే మన అబద్ధం బతుకుతోంది. అందరికీ పనికొచ్చే నియమం నుంచి నన్ను మాత్రం మినహాయించుకోవడమే అనీతి. అలా చేయడానికి నాకు ఏ ప్రత్యేకతా లేదు.

దీనికి తోడు, మనిషిని కేవలం సాధనంగా వాడుకోకూడదన్నది ఆయన చెప్పిన మరో మాట. ఆ భాగాన్ని వాడేవారిని పిలిచి ‘40 గంటలే చూశాం, మీకు సమ్మతమేనా’ అని అడిగే ధైర్యం మీ విభాగంలో ఎవరికైనా ఉందా? ఉంటే 72 అని రాయవలసిన అవసరమే వచ్చేది కాదు.

పడమటిగాలి
కాంట్‌ను ఆశ్రయించేవారు 1797లో ఆయన రాసిన వ్యాసాన్ని కూడా భుజాన వేసుకోవాలి. మన ఇంట్లో దాక్కున్న మిత్రుణ్ణి చంపడానికి వచ్చినవాడు తలుపు తట్టి అడిగినా అబద్ధం చెప్పకూడదని ఫ్రెంచి రచయిత బెంజమిన్ కాన్‌స్టాంట్‌కు జవాబుగా అందులో వాదించాడు. ఆ నిర్ణయాన్ని మన మహాభారతం అంతకు ఎన్నో శతాబ్దాల ముందే తిప్పికొట్టింది. కర్ణపర్వంలో శ్రీకృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ చెబుతాడు. ఎప్పుడూ నిజమే పలకాలని వ్రతం పట్టిన ఆ తపస్విని, కొందరిని తరుముతూ వచ్చిన దొంగలు ‘వాళ్లెటు వెళ్లారు’ అని అడిగితే ఆయన ఉన్నదున్నట్టు చూపించాడు. దొంగలు వారిని పట్టి చంపారు. నిజం చెప్పిన కౌశికుడు నరకానికి పోయాడు.

పైగా ఆ కథ చెప్పిన సందర్భం చూడండి. గాండీవాన్ని మరొకరికి ఇచ్చెయ్యమన్నవాడిని చంపుతానన్న ప్రతిజ్ఞ కోసం అర్జునుడు సొంత అన్న మీదికే కత్తి దూశాడు. నియమాన్ని పట్టుకుని మనిషిని వదిలేయడం ఎంత దూరం తీసుకుపోతుందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

నిలకడ
కౌశికుడి కథను నేనూ ప్రాణప్రదంగా చూసుకుంటాను, తలుపు తట్టిన హంతకుడి విషయంలో కాంట్‌తో నాకూ ఏకీభావం లేదు. కానీ ఆ కథను ఈ సంతకానికి అన్వయించండి. కౌశికుడు అబద్ధం ఆడి ఉంటే ప్రమాదంలో ఉన్నవారు బతికేవారు. ఇక్కడి అబద్ధం ఎవరిని కాపాడుతోంది? రాసినవారిని. ఎవరి నుంచి దాస్తోంది? ప్రమాదం మీద పడబోయేవారి నుంచి. కథలోని ధర్మసూక్ష్మం పూర్తిగా మీ వాదానికి ఎదురు నిలబడుతోంది.

పడమటిగాలి
నేను తూనికరాయి గారిని సంతకం పెట్టమనలేదు. ‘నియమం కాబట్టి’ అన్నది కారణం కాదని మాత్రమే అన్నాను. ఎవరిని కాపాడుతోంది, ఎవరి నుంచి దాస్తోంది అన్న మీ రెండు ప్రశ్నలు మాత్రం సూత్రాలన్నిటికన్నా నాకు బాగా నచ్చాయి.

వాదప్రియ
ఒక జాతికి మంచి అయినది మరో జాతికి చెడు, ఒక కాలంలో ఒప్పు అయినది మరో కాలంలో తప్పు. అలాంటప్పుడు ఎవరి నీతిని ప్రమాణంగా తీసుకోవాలి?

పాతపుస్తకం
ఆచారాలు వేరుగా ఉన్నాయన్న వాస్తవం నుంచి ఏదీ తప్పు కాదన్న తీర్పు రాదు. ఉన్నదాన్ని చెప్పే వాక్యాల నుంచి ఉండవలసినదాన్ని చెప్పే వాక్యంలోకి జనం తెలియకుండా జారిపోతారని స్కాట్లండ్ తత్వవేత్త హ్యూమ్ 1740లోనే హెచ్చరించాడు. అయినా మన ఎదుట ఉన్న తగాదాలో రెండు సంస్కృతులు లేవు. కొనేవారిని మోసగించడం మంచిదని ఆ విభాగంలోనూ ఎవరూ అనడం లేదు కదా.

రాత్రిడ్యూటీ
అందరూ చాలా గొప్పగా చెబుతున్నారు. ఎవరూ అడగని ఒక మాట నేను అడుగుతాను. ఇందుకు మూల్యం ఎవరు చెల్లిస్తారు?

నాకు బాగా తెలిసిన ఒకాయన ఇలాగే ఒక తప్పుడు పత్రం మీద సంతకం పెట్టనన్నారు. ఆయనను ఎవరూ తిట్టలేదు, తొలగించనూ లేదు. బాధ్యతలన్నీ ఒక్కొక్కటిగా తప్పించి, పని లేని గదిలో కూర్చోబెట్టారు. ఆయన స్థానంలోకి వచ్చినవారు మొదటి రోజే సంతకం పెట్టారు. ఆ పత్రం వెళ్లవలసిన చోటికి వెళ్లింది, జరగవలసింది జరిగింది. ఇంట్లో ముసలి తల్లిదండ్రులు, చదువుకునే పిల్లలు ఉన్న మనిషి ఆయన. ఆయన చేసింది తప్పని నేను అనను. కానీ ఫలితమేమీ మారని చోట ఒక కుటుంబం కష్టాల్లో పడడాన్ని నీతి కోరుతుందంటే, ఆ నీతి నిలదొక్కుకున్నవారు మాత్రమే భరించగల భారం అనిపిస్తుంది. ఒంటరి మనిషిని వీరుడివి కమ్మని ఉపదేశించే ముందు, వీరత్వం అవసరం లేకుండా నిజం రాయగల ఏర్పాటు ఎందుకు లేదో అడగాలి.

చుక్కాని
రాత్రిడ్యూటీ గారి చివరి వాక్యంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ‘ఫలితమేమీ మారని చోట’ అన్న మాటను మాత్రం అంత సులభంగా ఒప్పుకోలేను, ఎందుకంటే ఏది మారుతుందో ముందుగా ఎవరికీ తెలియదు.

1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక ఎగిరిన 73 సెకన్లకే విచ్ఛిన్నమై ఏడుగురు మరణించారు. రాకెట్ కీళ్లలోని రబ్బరు వలయాలు చలికి బిరుసెక్కి వేడి వాయువులను ఆపలేకపోయాయి. ముందు రోజు రాత్రే ఆ రాకెట్లను తయారుచేసిన సంస్థ ఇంజనీర్లు, రోజర్ బోయిజోలీ వారిలో ఒకరు, అంత చలిలో ప్రయోగం వద్దని వాదించారు. యాజమాన్యం ఆ సలహాను పక్కన పెట్టింది. మన చర్చకు సూటిగా తగిలేది ఇంకొకటి ఉంది. అంతకు ముందు ప్రయోగాల్లోనే ఆ వలయాలు కాలినట్టు కనిపించింది, కానీ ప్రమాదం జరగలేదు కనుక ఆ లోపం క్రమంగా మామూలు విషయమైపోయింది. 1996లో ఈ ఉదంతం మీద వెలువడిన అధ్యయనంలో సామాజిక శాస్త్రవేత్త డయాన్ వాన్ ఈ క్రమాన్నే వివరించారు. దుర్మార్గులు ఎవరూ అక్కర్లేదు, ప్రతిసారీ కొద్దిగా జరుపుకుంటూ పోయిన మంచివాళ్లు చాలు. తూనికరాయి గారి విభాగంలో 40 గంటలు చేరిన దారి ఇదే అయి ఉంటుంది.

రాత్రిడ్యూటీ
బోయిజోలీకి ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి. విచారణలో నిజం చెప్పినందుకు సహోద్యోగులే ఆయనను దూరం పెట్టారు, చివరికి ఆ ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. పురస్కారాలు తరువాత ఎప్పుడో వచ్చాయి. నా ప్రశ్న అలాగే ఉంది.

ఆకుపచ్చసిరా
నిలిచి గెలిచినవారి సంగతి కూడా ఒకటి ఉంది. అది మన ప్రశ్నకు ఇంకా దగ్గరిది. 1960లో ఫ్రాన్సెస్ కెల్సీ అనే వైద్యురాలు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థలో కొత్తగా చేరారు. థాలిడోమైడ్ అనే మందుకు అనుమతి కోరుతూ వచ్చిన దరఖాస్తు ఆమె బల్ల మీదికి వచ్చింది. అప్పటికే అది ఎన్నో దేశాల్లో అమ్ముడవుతోంది. తయారీదారు నుంచి ఒత్తిడి ఉన్నా, సమర్పించిన ఆధారాలు చాలవంటూ ఆమె మళ్లీ మళ్లీ వివరాలు కోరారు. 1961 చివరికి అసలు సంగతి బయటపడింది. గర్భిణులు ఆ మందు వాడడం వల్ల ప్రపంచవ్యాప్తంగా పది వేలకు పైగా పిల్లలు అవయవలోపాలతో పుట్టారని అంచనా.

ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది, గర్భస్థ శిశువుల మీద ఆ మందు చేసే హాని ఆమెకు మొదట తెలియదు. ఫలితాన్ని ఊహించి ఆమె ఆపలేదు. ‘సురక్షితం’ అని రాయడానికి తగిన ఆధారం తన ముందు లేదు కాబట్టి రాయలేదు, అంతే. లెక్కలపద్దు గారు అడిగే ఫలితం లెక్కకు అందకముందే ఆమె నిర్ణయం సరైనది. పరీక్ష చేసేవారి నీతి అంతా ఇందులోనే ఉందని నమ్ముతున్నాను. తెలిసినంతే తెలుసునని రాయడం, ఆ రాసినదాన్ని కంటితో చూడలేని మరొకరు నమ్ముకుంటారని మరచిపోకపోవడం.

లెక్కలపద్దు
ఆమె పై అధికారులు ఆమె పక్షాన నిలిచారన్నది మరువకూడదు. 1962లో ఔషధ చట్టం కట్టుదిట్టమైంది కూడా. రాత్రిడ్యూటీ గారు అడిగే ఏర్పాటు అంటే అదే. నా దృష్టిలో వ్యక్తి నీతికన్నా సంస్థ నిర్మాణమే ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది.

కొత్తచిగురు
వ్యక్తి, సంస్థ అని రెండుగా విడదీయడం మీదే నాకు సందేహం. యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ 1961లో మొదలుపెట్టిన ప్రయోగాల గురించి చాలామంది వినే ఉంటారు. ఎదుటివారు తప్పు జవాబు చెప్పినప్పుడల్లా మీట నొక్కి అంతకంతకూ ఎక్కువ విద్యుత్ షాక్ ఇవ్వాలన్నది అందులో పని. వారు బాధతో అరుస్తున్నట్టు వినిపిస్తున్నా, పరిశోధకుడు కొనసాగించమన్నందుకు 40 మందిలో 26 మంది చివరి 450 వోల్టుల మీట దాకా వెళ్లారు. అరుపులు నటన అన్న సంగతి వారికి తెలియదు. మనిషి ఇంతేనా అని దిగులుపడి ఇక్కడితో ఆగిపోతుంటారు. ఆయనే చేసిన మరో ప్రయోగంలో పక్కన కూర్చున్న ఇద్దరు ‘మేము చేయం’ అని లేచారు, వారు కూడా నటులే. అప్పుడు 40 మందిలో చివరిదాకా వెళ్లినవారు నలుగురు మాత్రమే.

ఒకరు కాదనడం పక్కవారికి ఎంత బలమో ఇంతకన్నా స్పష్టంగా చూపించే అంకె నాకు తెలియదు. రాత్రిడ్యూటీ గారు చెప్పిన ఆ పెద్దమనిషి పక్కన ఇంకొక్కరు నిలబడి ఉంటే కథ మారేదేమో. ఆయన స్థానంలో వచ్చి మొదటి రోజే సంతకం పెట్టిన వ్యక్తి గురించి నీతి అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలే ఉంది, దాన్ని మనం ఎవరమూ అడగడం లేదు.

నిలకడ
ఆ ప్రయోగాలకు వ్యతిరేకంగా వచ్చిన నైతిక విమర్శ కూడా చిన్నదేమీ కాదు. నిజం చెప్పకుండా పాల్గొనేవారిని అంత వేదనకు గురిచేయడం సరైనదేనా అన్న ప్రశ్న పరిశోధనల నియమాలనే మార్చింది. కొత్తచిగురు గారు చెప్పిన అంకె విలువైనదే, అది వచ్చిన దారి కూడా మనసులో ఉండాలి.

ఆకుపచ్చసిరా
అదే కోవలో 1973లో డార్లీ, బాట్సన్ ప్రచురించిన అధ్యయనం ఉంది. మత గురువులు కాబోతున్న విద్యార్థులను ఒక భవనం నుంచి మరో భవనానికి వెళ్లి ప్రసంగించమన్నారు. దారిలో ఒక మనిషి మూలుగుతూ పడి ఉన్నాడు. ఆలస్యమైందని తొందరపెట్టిన వారిలో సాయపడినవారు 10 శాతం, తీరికగా పంపిన వారిలో 63 శాతం. ప్రసంగించబోయే విషయం పరోపకారం గురించినదే అయినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

నీతి తెలియడం వేరు, దానికి మనసులో చోటుండడం వేరు. పని ఎక్కువైనప్పుడే 40 గంటలకు ఆపుతున్నామని తూనికరాయి గారు రాసిన మొదటి మాట గమనించండి. సద్గుణం అభ్యాసం వల్ల స్థిరపడుతుందని అరిస్టాటిల్ అంటాడు. వీణ వాయిస్తూ వైణికుడైనట్టే, న్యాయమైన పనులు చేస్తూ న్యాయవంతుడవుతాడట. ఒత్తిడి వచ్చిన రోజున కూర్చుని సిద్ధాంతాలు తూచే వ్యవధి ఉండదు, అంతకు ముందే చేయి ఏం రాయడానికి అలవాటుపడిందో అదే రాస్తుంది. కాబట్టి మొదటి సంతకమే ముఖ్యం. రెండవదానికి ఆలోచన తగ్గుతుంది, పదవదానికి ఆలోచనే ఉండదు.

తూనికరాయి
అందరి మాటలూ చదివాను. ‘ఎవరిని కాపాడుతోంది, ఎవరి నుంచి దాస్తోంది’ అన్న ప్రశ్నకు నా దగ్గర తప్పించుకునే సమాధానం లేదు. 40 గంటలు జరిగితే 40 అనే రాసి సంతకం చేస్తానని, 72 గంటలకు సరిపడా యంత్రాలు లేవన్న సంగతి కూడా నివేదికతో పాటు లిఖితపూర్వకంగా ఇస్తానని పై అధికారికి చెప్పాను. ఆయన కోప్పడలేదు, ఆలోచిస్తానన్నారు. విభాగంలో మరొకరు నాతో పాటు సంతకం పెడతామన్నారు.

ఇంకో చిక్కు మిగిలింది. ఇప్పటికే బయటికి వెళ్లిన నివేదికల మాటేమిటి? అవి నావి కావు. వాటిని బయటపెడితే నాతో కలిసి భోజనం చేసే మనుషుల బతుకులు ఇబ్బందుల్లో పడతాయి.

నిలకడ
తెలిసిన తరువాత మౌనం కూడా సంతకం లాంటిదే. చెప్పి తీరాలి.

పడమటిగాలి
చెప్పడానికి కూడా ఒక క్రమం ఉంటుంది. తోటివారికి తెలియకుండా పైకి రాయడం వారిని శత్రువులను చేస్తుంది. ముందు వారితోనే మాట్లాడండి, తామే వచ్చి చెప్పుకునే అవకాశం వారికి ఇవ్వండి.

రాత్రిడ్యూటీ
ఎవరినీ వేలెత్తి చూపకముందు చేయగల పని ఒకటుంది. పాత సరుకులోంచి నిల్వ ఉంచిన నమూనాలు ఉంటాయి కదా, వాటిని ఇప్పుడు పూర్తిగా 72 గంటలూ పరీక్షించండి. చుక్కాని గారు అడిగిన అంకె మీ చేతికి వస్తుంది. భాగాలు విరిగితే వాడుతున్నవారికి ఆ రోజే తెలియాలి, అప్పుడు ఎవరి కుటుంబం గురించీ ఆలోచించే హక్కు మనకు ఉండదు. ఈ మాట నేను అంటున్నానని ఆశ్చర్యపోకండి, మూల్యం ఎవరు చెల్లిస్తారని మొదటి నుంచీ అడుగుతున్నది నేనే. ఆ యంత్రం పక్కన నిలబడ్డవారికీ కుటుంబాలు ఉంటాయి.

లెక్కలపద్దు
నిలిస్తే మాత్రం పాత నివేదికలను తవ్వనక్కర్లేదు. హాని లేదని నిజంగానే తేలుతుంది.

చుక్కాని
నిలిచినా సవరణ పత్రం ఇవ్వవలసిందే. ఆ నివేదికలు చెప్పింది భాగం బలమైనదని మాత్రమే కాదు, మేము 72 గంటలు చూశామని కూడా. ఆ రెండవ మాట ఏ పరీక్ష వల్లా ఇప్పుడు నిజం కాజాలదు.

తూనికరాయి
కొన్ని విడతల నమూనాలే నిల్వ ఉన్నాయి. పాత వాటితో మొదలుపెట్టడానికి యంత్రం కేటాయించమని అడిగాను. సవరణ పత్రం విషయంలో లెక్కలపద్దు గారితో కాక చుక్కాని గారితోనే ఉన్నాను, కానీ దాని మీద మా విభాగంలో ఏకాభిప్రాయం ఇంకా రాలేదు.